లాభం, రెండు, మూడు

చిట్టినగర్ కొండ మీద మా ఇంటికి
నూట పద్దెనిమిది మెట్లు.
మునిసిపాలిటీ లెక్కలో నూట ఇరవయ్యట.
విరిగిపోయిన రెండింటినీ మా నాయనమ్మ కలిపేది కాదు:
"కాలు ఆననిది మెట్టేంటే?"

తెల్లారగట్ట నాలుగున్నరకి కొండ కింద కుళాయి
ముందు దగ్గేది, తర్వాత బుసకొట్టేది,
ఆ తర్వాతే నీళ్లు.
ఆ దగ్గుకే నాంచారమ్మ లేచేది.
ఆవిడ లేస్తే ఇల్లంతా లేచినట్టే,
దుప్పట్లతో సహా.

కుళాయి దగ్గర ఆవిడ.
పదో మెట్టు మీద లుంగీ ఎగ్గట్టి పెదనాన్న,
ఆ పైన, ఆటోనగర్ గ్రీజు గోళ్లలోంచి వదలని మా నాన్న,
భ్రమరాంబ అత్తయ్య,
నిలబడి నిద్రపోవడం తెలిసిన తిరపతయ్య బాబాయి,
అరవై ఒకటో మెట్టు మీద, మలుపులో, నేను.
ఆపైన అక్కలూ అన్నలూ,
చిట్టచివర తొట్టి దగ్గర పెద్దమ్మ.
నాకు బిందె ఇచ్చేవాళ్లు కాదు.
నా వంతు ఇత్తడి చెంబు.
"అదీ నీళ్లేగా" అనేది.

"లాభం" అంటూ మొదటి బిందె ఎత్తేది.
ఒకటి అన్న అంకె మా ఇంట్లో లేదు.
లాభం, రెండు, మూడు...
ఆ గొంతు వెనకే బిందెలు చీకట్లో చేతులు మారేవి.
తొణికినప్పుడల్లా ఎవరిదో పాదం చల్లబడేది.
"ఎవర్రా పారబోసింది?"
కిందనుంచే తెలిసిపోయేది ఆవిడకి.

బళ్లో ఎంచమంటే నేనూ లాభం అన్నాను.
క్లాసు క్లాసంతా నవ్వింది.
ఏడుస్తూ వస్తే కొంగుతో ముక్కు తుడిచి
"నవ్వనీ. దేన్నీ ఒంటరిగా మొదలెట్టకూడదు" అంది.

ఒక ఏడాది కుంకుమభరిణె దగ్గర
పెద్దమ్మకీ అత్తయ్యకీ మాటలు పోయాయి.
నాయనమ్మ తీర్పేమీ చెప్పలేదు.
పెద్దమ్మని తొట్టి దగ్గరనుంచి దింపి
అత్తయ్య పక్క మెట్టు మీద నిలబెట్టింది.
"పట్టుకున్నావా?" అనకుండా
నిండు బిందె ఎలా వదులుతారు?
"పట్టుకున్నా" అనకుండా ఎలా అందుకుంటారు?
మొదటి వారం ఆ రెండు మాటలే.
ఎండలు ముదిరేసరికి జాకెట్ల కుట్టుకూలి దాకా వెళ్లారు.
భరిణె ఏమైందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

తర్వాత కొండకి మోటారొచ్చింది.
ఎవరింటి కుళాయి వాళ్లది.
అయినా నాలుగున్నరకి లేచి కూర్చునేది,
వినడానికేమీ లేక.
మేం ఒక్కొక్కళ్లం దిగిపోయాం.
పాయకాపురం, నిడమానూరు, ఏటవతల తాడేపల్లి.
దూరాలేం కావు, బస్సెక్కితే గంట.
గంటే. కానీ గంట.

పోయిన ఆషాఢంలో, వానలో,
పాచి పట్టిన మెట్లని కిందనుంచి చూసి
బండివాళ్లు తల అడ్డంగా ఊపారు.
మాలో మేం ఏమీ అనుకోలేదు.
పెదనాన్న మోకాళ్లు పట్టుకుని పదో మెట్టుకి దిగాడు.
నాన్న తన చోటుకి. బాబాయి తన చోటుకి.
ఎవరి మెట్టు మీద వాళ్లం, ఎదురుగా మా పిల్లలు.
ఆడవాళ్లు పాడె ముట్టకూడదని ఎవరో అన్నారు.
భ్రమరాంబ అత్తయ్య వినిపించుకోలేదు.

"పట్టుకున్నావా?"
"పట్టుకున్నా."

మలుపులో నా చేతుల్లోకి వచ్చింది.
ఎంతనుకున్నారు,
ఆ చెంబంత బరువు.

విరిగిన మెట్ల దగ్గర
చూడకుండానే అందరం కాలు దాటించి వేశాం.

కింద కుళాయి గట్టు మీద మా అక్క కొడుకు
దిగొచ్చిన వాళ్లని వేళ్లు మడుస్తూ ఎంచుతున్నాడు.
ఒకటి, అన్నాడు.
కాదురా, అన్నాం,
నలుగురం ఒక్కసారే.